అగ్గి రాని ఏడు

శివాజీనగర్ రసెల్ మార్కెట్లో
పొద్దున ఆరింటికి సత్తార్ భాయ్
రొయ్యల పొట్టు నాకోసం దాచి ఉంచుతాడు.
మొదటి నెల డబ్బులివ్వబోతే నవ్వాడు,
"చెత్తకు రేటేంటి మేడం?"
రెండో నెల నుంచి కిలోకి పది రూపాయలు.
అంటే, ఈ ఊళ్ళో నా పరిశోధన మీద
మొట్టమొదట నమ్మకం కుదిరింది అతనికే.

హెబ్బాళ బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీ.
ఆ వాసన నాకు తెలియడం మానేసి చాలా రోజులైంది.
మా గైడు సుచరిత గారు రొయ్యను ముట్టరు,
ఆ సంచి ఉన్న గదిలోకి రారు.
గ్రాఫు గీసి తెస్తే మాత్రం
కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి
"ఇంకోసారి చేసి చూడు" అంటారు.

కడిగి, ఎండబెట్టి, ఆమ్లంలో వేస్తే
పెంకు బుసబుసా పొంగి సున్నం వదిలేస్తుంది.
క్షారంలో ఉడికిస్తే
తనలో ఒకప్పుడు రొయ్య ఉండేదన్న సంగతే మర్చిపోతుంది.
మిగిలిన తెల్లటి పొరను వెనిగర్‌లో కరిగించి
చుక్క చుక్కగా లవణం నీళ్ళు వదిలితే
ఒకానొక చుక్క దగ్గర
(ఎన్నో చుక్కో ఇప్పటికీ ముందుగా చెప్పలేను)
బీకరులో నీళ్ళు
బియ్యం కడిగిన నీళ్ళవుతాయి.
వెంట్రుకను నిలువునా వెయ్యి చీలికలు చేస్తే
అందులో ఒక చీలిక మందం, ఒక్కో రేణువు.
కంటికి ఆనదు. కనపడేది ఆ మసక ఒక్కటే.

రాగికి వచ్చే ఈ తెగులును మావైపు అగ్గి అంటారు.
ఆకు మీద కండె ఆకారంలో మచ్చ, నడుమ బూడిద.
మెడకు పాకితే వెన్ను నల్లబడి వాలిపోతుంది,
ముడిచిన వేళ్ళలో గింజ ఉండదు.
నిప్పు లేకుండా కాలిన మడిని
చింతామణి దగ్గర మా మేనమామ చేలో చూశాను.
ఆ ఏడు సంగట్లో పిండి తగ్గి నూక పెరిగింది.

తమాషా ఏమిటంటే
బూజు తొడుక్కున్న చొక్కా, రొయ్య తొడుక్కున్న చొక్కా
ఒకే నూలుతో నేసినవి.
సముద్రం ఎరగని రాగి ఆకు
ఈ రేణువు తగలగానే దొంగ వచ్చాడనుకుంటుంది.
గడియలు బిగించుకుంటుంది,
లోలోపల చేదు నూరుకుంటుంది.
నేను చేసేది మందనడానికి లేదు.
దొంగ రాకముందే
అర్ధరాత్రి ఒక ఉత్తుత్తి కుక్క అరుపు.

మూడో ఏడు, ఆఖరి పంట అనుకున్నది.
పన్నెండు మళ్ళు. ఆరింటికి పిచికారీ, ఆరింటికి వట్టి నీళ్ళు.
అక్టోబరులో ముసురు పట్టాలి, మంచు దిగాలి,
ఆకు రాత్రంతా తడిగా ఉండాలి,
అప్పుడు గదా అగ్గి వచ్చేది.
రాలేదు.
రోజూ గట్టు మీద నిలబడి
యలహంక మీదుగా దిగే విమానాల వెనక
మబ్బు కోసం వెతికాను.
తెగులు రావాలని మొక్కుకున్నాను.
రాగి సంగటి తిని పెరిగినదాన్ని,
ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

కోతల నాడు పన్నెండు మళ్ళూ ఇంచుమించు ఒకే తూకం.
నారెప్ప కొడవలి చంకన పెట్టుకుని
"మందు కొట్టని మడి గూడా బాగుండాది గదమ్మా,
మొగమట్లా పెట్టుకుంటివే!" అని
ఒక వెన్ను అరచేతుల మధ్య నులిమి
పొట్టు ఊదేసి
గింజలు నా చేతిలో పోశాడు.
పళ్ళ కింద సన్న ఇసకలా పలికాయి.
ఏ మడివో అడగలేదు.

సుచరిత గారు పట్టిక చూశారు.
కళ్ళద్దాలు నుదుటికెక్కాయి.
"తేడా లేదని రాయి. ఎందుకు లేదో కూడా రాయి,
వాన పడలేదని."
రాశాను. మూడేళ్ళు ఒక పేజీలో పట్టేశాయి,
అడుగున నాలుగు వేళ్ళంత ఖాళీ కూడా మిగిలింది.

గ్రాంటు ఇంకో ఏడు పొడిగించారట.
రేపు ఆరింటికి మళ్ళీ రసెల్ మార్కెట్.
సత్తార్ భాయ్ కిలో పన్నెండు చేశాడు.
బేరమాడను.